పాటను మాటలోకి దించడం: ఒక ఆన్‌లైన్ జపనీస్ క్లాసు కేస్ స్టడీ

జపనీస్ పాటను మొదటి నుంచి చివరి దాకా తడబడకుండా పాడగలరు. అదే పాటలోని ఒక్క వాక్యాన్ని మామూలు మాటగా చెప్పమంటే మాత్రం ఆగిపోతారు. ఆన్‌లైన్ క్లాసుల్లో ఇలాంటి విద్యార్థులు చాలామంది తారసపడతారు. ఆనిమే (జపాన్ యానిమేషన్ కథలు) చూసి, పాటలు విని, ఆ ఇష్టంతోనే భాష నేర్చుకుందామని వచ్చినవాళ్లు వీళ్లు. ఆ ఇష్టాన్ని పక్కకు నెట్టి "ముందు పుస్తకం, పాటల సంగతి తర్వాత చూద్దాం" అంటే కొన్నాళ్లకు ఒక్కొక్కరే జారుకుంటారు. అలాగని పాటలతోనే నెట్టుకొస్తే పరీక్షకూ పనికిరాని, ఉద్యోగానికీ పనికిరాని జపనీస్ అలవాటవుతుంది. ఈ రెండూ కాకుండా మరో దారిలో నడిపిన మూడు నెలల గ్రూప్ క్లాసు వివరాలు ఇక్కడ రాస్తున్నాను. జపనీస్ నేర్పేవాళ్లకు, ముఖ్యంగా తెలుగువాళ్లకు నేర్పేవాళ్లకు, ఇందులో పనికొచ్చేది ఉంటుందని నా నమ్మకం.

క్లాసులో ఎవరెవరు

గ్రూపులో పదిమంది లోపే ఉన్నారు. అందరి మాతృభాషా తెలుగే. హిరగాన, కతకాన లిపులు వచ్చు. "నేను ఫలానా" అని పరిచయం చేసుకునే వాక్యాలు వచ్చు. క్రియల దగ్గరికి వచ్చేసరికి అందరి బండీ ఆగింది. వాళ్లలో నలుగురి గురించి చెప్తే మిగతా కథ అర్థమవుతుంది. పేర్లు రాయడం లేదు.

మొదటి ఆవిడ నర్సు. వృద్ధుల సంరక్షణ పనికి జపాన్ వెళ్లాలని ఆమె ఆలోచన. 2019 ఏప్రిల్‌లో జపాన్ మొదలుపెట్టిన 'తొకుతే గినో' (నిర్దిష్ట నైపుణ్యాలున్న ఉద్యోగుల) వీసా కోసం సిద్ధమవుతున్నారు. దానికి జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా సామర్థ్య పరీక్షలో ఎన్4 స్థాయి గానీ, జపాన్ ఫౌండేషన్ నడిపే జేఎఫ్‌టీ బేసిక్ గానీ పాసవ్వాలి. సంరక్షణ రంగానికి అదనంగా ఇంకో భాషా పరీక్ష కూడా ఉంటుంది. రెండో ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏళ్ల తరబడి ఆనిమే చూసిన చెవి. పదాలు బోలెడు తెలుసు, అయితే అన్నీ యుద్ధంలో ఉన్న కుర్రాడి పదాలే. మూడో ఆయన పదవీ విరమణ చేసిన తెలుగు మాష్టారు. కూతురు జపాన్‌లో స్థిరపడింది, మనవడికి తెలుగు కన్నా జపనీస్ ముందు వచ్చేసింది. క్లాసులో అందరూ ఆయన్ని మాష్టారూ అనే పిలిచేవాళ్లు, నాతో సహా. నాలుగో అమ్మాయి డిగ్రీ విద్యార్థిని. మొదటి పేరాలో చెప్పిన లక్షణం అచ్చంగా ఈమెదే. పాతిక పాటలైనా నోటికి వచ్చు, వాటిలో దేనికీ అర్థం తెలియదు.

వారానికి రెండు క్లాసులు. ఒకటి పాఠ్యపుస్తకంతో, రెండోది పాటతో. ఈ పంపకానికి కారణముంది. పుస్తకాలు చాలావరకు 'తబెమసు', 'ఇకిమసు' వంటి మర్యాద రూపాలతో మొదలవుతాయి. నిఘంటువులో కనిపించే రూపం, తె-రూపం (ఒక పనిని తర్వాతి పనికి కలిపే రూపం), మర్యాద లేని మామూలు భూతకాలం ఆ తర్వాత ఎప్పుడో వస్తాయి. పాటల్లో వరస తిరగబడుతుంది. అక్కడ 'మసు' వినిపించడమే అరుదు. మామూలు రూపాలు మాత్రం అడుగడుక్కీ ఉంటాయి. పుస్తకం ఆలస్యంగా ఇచ్చేదాన్ని పాట ముందే చెవిలో వేస్తుంది, పాటలో లేని మర్యాదను పుస్తకం నేర్పుతుంది. అందుకే రెండూ ఒకే వారంలో పక్కపక్కన ఉండాలి.

పరీక్ష గురించి కూడా ఒక మాట. 2010లో జేఎల్‌పీటీని ఐదు స్థాయిలకు మార్చారు, ఎన్5 అన్నిటికన్నా సులువు. మొత్తం 180 మార్కుల్లో వినికిడికి 60. మాట్లాడే పరీక్ష ఏ స్థాయిలోనూ లేదు. కాబట్టి పాసైన సర్టిఫికెట్ చేతిలో ఉన్నా నోరు తెరవలేనివాళ్లు ఉండటంలో వింతేమీ లేదు. నర్సు గారికి ఇది బాగా తెలుసు. "పాసవ్వడం నేను చూసుకుంటాను సెన్సే, ముసలావిడ బాత్రూమ్‌కి తీసుకెళ్లమని అడిగితే నాకు అర్థం కావాలి, నేను చెప్పేది ఆవిడకి అర్థం కావాలి" అని మొదటి రోజే అన్నారు (సెన్సే అంటే టీచర్). ఆ మాటను మూడు నెలలూ మనసులో పెట్టుకునే పాటలు ఎంచాను.

మాత్రలు లెక్కపెట్టడం

జపనీస్ ఉచ్చారణలో అన్నిటికన్నా ముందు పట్టుకోవలసింది కాలం. ఆ భాషలో కాలాన్ని మోరల్లో కొలుస్తారు. మోర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు. 'కొన్నిచివ'లో కొ, న్, ని, చి, వ అని ఐదు. 'గక్కో' అంటే బడి. దానికి చప్పట్లు కొట్టమన్నాను. సాఫ్ట్‌వేర్ ఆయన రెండు కొట్టారు: గక్, కో. ఇంగ్లీషు పదాన్ని ఖండించే పద్ధతి అది. డిగ్రీ అమ్మాయి మూడు కొట్టింది. మాష్టారు కొట్టలేదు. మైక్ తెరిచి, "గురువు, గురువు. నాలుగు మాత్రలు" అన్నారు.

సరిగ్గా నాలుగే. గ, క్, కొ, ఒ. తెలుగు ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. దీర్ఘం గురువు, ద్విత్వానికి ముందున్నది గురువు, పొల్లుతో కూడినది గురువు. జపనీస్‌లో దీర్ఘానికి ఒక మోర అదనం, ద్విత్వానికి ఒకటి అదనం, 'న్'కు ఒకటి అదనం. లెక్క అతికినట్టు కుదురుతుంది. 'షిన్‌బున్' (వార్తాపత్రిక) నాలుగు, 'తోక్యో' నాలుగు, 'తోఫు' మూడు. ఆ రోజు నుంచి మాష్టారు పాటలో మేం చూసే ప్రతి పాదానికీ గురు లఘువులు గుర్తించి ఫొటో తీసి గ్రూపులో పెట్టేవారు. మిగతావాళ్లు వాటిని చూసి చప్పట్లు కొట్టేవారు. బడిలో ఎప్పుడో చదివి మరిచిపోయిన యమాతారాజభానస అందరికీ మళ్లీ గుర్తొచ్చింది.

అయితే ఒక చోట లెక్క తప్పుతుంది, అది తెలుగువాళ్లకే ప్రత్యేకమైన ఇబ్బంది. 'ఒక్యకు' (అతిథి, కస్టమర్) అనే పదాన్ని మాష్టారు నాలుగు మాత్రలుగా గణించారు. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు కాబట్టి ఆయన లెక్కలో పొరపాటు లేదు. జపనీస్‌లో మాత్రం అది మూడే: ఒ, క్య, కు. 'క్య' మొత్తం ఒకే మోర, ముందున్న 'ఒ'ను అది బరువెక్కించదు. తెలుగు నోరు 'విద్య'ను 'విద్ద్య' అన్నట్టే దీన్ని 'ఒక్క్యకు' అంటుంది. విన్న జపనీయుడికి అక్కడ లేని ద్విత్వం వినిపిస్తుంది. ఈ ఒక్క మినహాయింపును అందరి నోటా పలికించడానికి ఒక క్లాసు మొత్తం పట్టింది. ఆ సమయం వృథా పోలేదు.

నర్సు గారికి ఇదే కొలత ఇంకో చోట అక్కరకొచ్చింది. 'బ్యోఇన్' అంటే ఆసుపత్రి, నాలుగు మోరలు. 'బియోఇన్' అంటే బ్యూటీ పార్లర్, ఐదు. మొదటి వారం రికార్డింగులో ఆమె తాను బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తున్నట్టు చెప్పారు. గురు లఘువులు వేసి చూపించాక ఆ పదం మళ్లీ తప్పలేదు.

ఇక్కడ లిపి గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. తెలుగువాళ్లకు రోమన్ అక్షరాల్లో జపనీస్ నేర్పడం వాళ్లకున్న బలాన్ని తీసేయడమే. ద్విత్వం, దీర్ఘం మన చెవికి పుట్టుకతో వచ్చినవి. కల, కల్ల, కాల వేరువేరని ఎవరూ నేర్పక్కర్లేదు. 'ఒబసన్' (ఆంటీ), 'ఒబాసన్' (బామ్మ) అని తెలుగులో రాస్తే తేడా కళ్లకు కొడుతుంది. రోమన్‌లో దీర్ఘాన్ని ఎగరగొట్టి రాసే అలవాటు ఎక్కువ, దాంతో ఇద్దరూ ఒకరైపోతారు. 'ౘుకి' (చంద్రుడు), 'సుకి' (ఇష్టం) సంగతీ అంతే. పాటల్లో ఈ రెండూ పదేపదే వస్తాయి. డిగ్రీ అమ్మాయి చంద్రుణ్ణి 'చుకి' అనేది. "ౘుక్క, ౘలి అన్నప్పుడు పెద్దవాళ్లు ఎలా అంటారో అలా అనమ్మా" అన్నారు మాష్టారు. చప్పున పలికింది. తెలుగు లిపిని రెండు మూడు వారాలు ఉచ్చారణ కోసమే వాడి, తర్వాత పూర్తిగా కానాకి (హిరగాన, కతకాన లిపులకు) మారిపోయాం. ఎక్కువ రోజులు వాడితే అదే ఊతకర్రయి కూర్చుంటుంది.

సబ్బు బుడగ పాట

మొదటి పాటగా కొత్త హిట్ కాకుండా పిల్లల పాట తీసుకున్నాను. నొగుచి ఉజో 1922లో రాసి, నకయమ షింపే బాణీ కట్టిన 'షబొన్‌దమ'. అంటే సబ్బు బుడగ. జపాన్‌లో ఇది తెలియనివాళ్లు ఉండరు. ఇద్దరూ గతించి చాలా కాలమైంది, కాపీరైట్ తీరిపోయింది, కాబట్టి సాహిత్యం మొత్తం తెర మీద పెట్టుకోవచ్చు. 2018 డిసెంబర్ 30 నుంచి జపాన్‌లో కాపీరైట్ గడువు రచయిత మరణం తర్వాత 50 ఏళ్ల నుంచి 70 ఏళ్లకు పెరిగింది. అప్పటికే గడువు ముగిసినవాటికి మాత్రం హక్కులు మళ్లీ రాలేదు. కొత్త పాటలకు ఈ వెసులుబాటు లేదు. వాటి సాహిత్యాన్ని ఎవరికి వాళ్లు తమ పాటల యాప్‌లో తెరుచుకోవాలి, క్లాసులో నేను ఒకటి రెండు ముక్కలే తీసుకుంటాను. డబ్బులు తీసుకుని నడిపే క్లాసులో మొత్తం పాటను పీడీఎఫ్ చేసి పంచడం సరికాదు.

ఈ పాట మొదటి నాలుగు ముక్కలు ఇవి: షబొన్‌దమ తొన్ద, యనె మదె తొన్ద, యనె మదె తొన్దె, కొవరెతె కిఎత. తెలుగులో చెప్పుకుంటే: సబ్బు బుడగ ఎగిరింది, కప్పు దాకా ఎగిరింది, కప్పు దాకా ఎగిరి, పగిలి మాయమైంది.

రెండో ముక్కకూ మూడో ముక్కకూ తేడా ఒక్క అచ్చే. 'తొన్ద' అంటే ఎగిరింది, 'తొన్దె' అంటే ఎగిరి. సాహిత్యం చూపించకుండా మూడుసార్లు వినిపించి, "రెండో ముక్కలో ఏం విన్నారు, మూడో ముక్కలో ఏం విన్నారు?" అని మాత్రమే అడిగాను. సగం మందికి రెండూ ఒకేలా వినిపించాయి. నర్సు గారు మాత్రం, "మూడో దాంట్లో వాక్యం అయిపోలేదు సెన్సే, ఇంకా ఏదో చెప్పబోతున్నట్టుంది" అన్నారు.

తె-రూపం అంటే అదే. వాక్యాన్ని ముగించకుండా తర్వాతి పనికి అందించే రూపం. తెలుగు వ్యాకరణంలో క్త్వార్థకం అంటాం: వెళ్లి, చూసి, తిని. దీన్ని సూత్రాల పట్టికతో మొదలుపెడితే ('ము, బు, ను'తో ముగిస్తే 'న్దె', 'కు'తో ముగిస్తే 'ఇతె', 'సు'తో ముగిస్తే 'షితె') విద్యార్థి పట్టికను మోస్తూ తిరుగుతాడు. 'ఎగిరి, పగిలి'తో మొదలుపెడితే ఎందుకు వాడాలో ముందు తెలుస్తుంది, ఎలా మార్చాలో తర్వాత చూసుకోవచ్చు. పైగా తెలుగువాళ్లకు ఈ దారి చాలా దూరం వెళ్తుంది. ఇంట్లోంచి బయల్దేరుతూ జపనీయులు అనే 'ఇత్తెకిమసు' అక్షరాలా మన 'వెళ్లొస్తాను'. 'తబెతె మిరు' మన 'తిని చూడు'. 'తబెతె షిమత్త' మన 'తినేశాను'. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లు ఒక్కోదాన్నీ విడిగా బట్టీ పట్టాలి. మనవాళ్లు వాక్యం వరస కూడా మార్చుకోనక్కర్లేదు, క్రియ రెండు భాషల్లోనూ చివరనే ఉంటుంది. 'మదె' కూడా మన 'దాకా' లాగే పేరు తర్వాతే వస్తుంది.

ఆ తర్వాత అసలు పని. పాటను మాటలోకి దించాలి. "ఈ సంగతిని పక్కింటి జపనీస్ పెద్దావిడకు చెప్పండి" అన్నాను. పాటలో 'షబొన్‌దమ తొన్ద' అని ఊరుకున్నారు, మాటలో 'షబొన్‌దమ గ తొబిమషిత' కావాలి. కర్త పక్కన 'గ' రావాలి, క్రియ మర్యాదగా మారాలి. డిగ్రీ అమ్మాయి పాటను చక్కగా పాడి, మాట దగ్గర నిలబడిపోయింది. బాణీ లేకపోతే ఆమెకు పదాలు అందడం లేదు. ఇది కేవలం ఆమె ఇబ్బంది కాదు. పాటగా కంఠస్థమైనది పదాలుగా విడిపోకుండా ఒకే గొలుసుగా ఉంటుంది, మధ్యలోంచి లాగితే రాదు. అందుకని ఆమెకు ప్రత్యేకంగా ఒక పని ఇచ్చాను. మొదటి ముక్క నుంచి కాకుండా మూడో ముక్క నుంచి మొదలుపెట్టి, బాణీ లేకుండా, ఎగిరింది బుడగ కాకుండా గాలిపటం అని, పిట్ట అని, కాగితం అని మార్చి మార్చి చెప్పాలి. గాలిపటం పగలదు కాబట్టి క్రియ కూడా మారాలి. వారం తిరిగేసరికి ఆమె వాయిస్ నోట్లలో గొలుసు తెగడం వినిపించింది.

పాట చివర్లో 'కజె, ఫుకు న' అని గాలిని వీయొద్దంటారు. ఆ 'న' నిషేధం చాలా మొరటుది. పాటలో గాలితో అన్నప్పుడు ముద్దుగా ఉంటుంది. మనుషులతో అంటే గద్దింపు. దాన్ని 'ఫుకనైదె కుదసై'గా దించి, నర్సు గారి కోసం మరికొన్ని కట్టాం: కదలొద్దండి, ఒక్కరే లేవొద్దండి. పిల్లల పాటలోని ఒక అక్షరం నుంచి ఆసుపత్రి గదిలో రోజూ వాడే వాక్యం దాకా ఒకే క్లాసులో చేరాం. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

తర్వాతి పాటలు

రెండో పాట సకమొతొ క్యూ 1961లో పాడిన 'ఉఎ ఒ ముఇతె అరుకో' (పైకి చూస్తూ నడుద్దాం). 1963లో ఇది అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. నాకు కావలసింది పేరులోనే ఉంది: 'ముఇతె' తె-రూపం, 'అరుకో' నడుద్దాం అనే రూపం, మాటలో 'అరుకిమషో'. సకమొతొ అచ్చుల మధ్య ఊపిరి వదులుతూ పాడతాడు. రాయమంటే సాఫ్ట్‌వేర్ ఆయన ఆ ఊపిరిని కూడా 'హ'గా విని రాసేశారు. ఆయన చెవి తప్పు వినలేదు. గాయకుడి శైలి ఏది, భాష ఏది అని వేరుచేయడం కూడా నేర్చుకోవలసిందే, దానికి ఈ పాటను మించింది లేదు.

'మయొనక నొ దొఆ' (నడిరాత్రి తలుపు) 1979 నాటి మత్సుబర మికి పాట. 2020లో ప్రపంచమంతా మళ్లీ మారుమోగింది, డిగ్రీ అమ్మాయికి అప్పటికే నోటికి వచ్చు. 'నొ' ప్రత్యయం (మన 'యొక్క' లాంటిది), ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలు జపనీస్ మోరల్లోకి ఎలా ఒదుగుతాయో చూపడానికి తీసుకుని, తొందరగానే ముగించాం. చివర్లో యొఅసొబి అనే సంగీత జంట పాట 'యొరు ని కకెరు' (2019) కావాలని కుర్రాళ్లు పట్టుబట్టారు. ఇందులో ఒక్క స్వరం మీద రెండు మూడు మోరలు తోసుకుంటూ పోతాయి, పాత పాటల్లో 'న్'కు సైతం విడిగా స్వరం దక్కేది. వేగాన్ని 0.75కు తగ్గించి, పల్లవి మాత్రమే విన్నాం. ఆ పాటకు ఆధారమైన కథ మృత్యువు చుట్టూ తిరుగుతుంది, ఆ సంగతి ముందే చెప్పి, వద్దనుకున్నవాళ్లు వేరే పాట చేసుకోవచ్చన్నాను. హుషారైన బాణీని నమ్మి పాటను క్లాసులోకి తేకూడదు. అర్థం మొత్తం చదివాకే తేవాలి.

1914 నాటి 'ఫురుసతొ' కావాలని మాష్టారు అడిగారు, మనవడు బడిలో పాడాడట. అందమైన పాట, కానీ గ్రాంథికం. అందులో కుందేలును తరిమిన కొండ అనే చోట వచ్చే 'ఒఇషి'ని జపాన్ పిల్లలే 'ఒఇషీ' (రుచిగా ఉంది) అని పొరబడటం అక్కడ అందరికీ తెలిసిన సంగతి. మాష్టారికి విడిగా చెప్పాను, గ్రూపుకు తేలేదు.

నేను, నువ్వు, మీరు

పాటల జపనీస్‌లో నిజమైన ప్రమాదం సర్వనామాల దగ్గర ఉంది. పాటల్లో 'బొకు' (నేను), 'కిమి' (నువ్వు) లేని పల్లవి దొరకడం కష్టం. ఆడవాళ్లు పాడే పాటల్లోనూ 'బొకు' మామూలే, మాటల్లో అది ఎక్కువగా మగవాళ్లది. 'కిమి' ఇంకా తేడా. పై అధికారిని గానీ, పెద్దవాళ్లను గానీ అలా పిలిస్తే తలెత్తి చూస్తారు. సాఫ్ట్‌వేర్ ఆయన అయితే ఆనిమే ధోరణిలో 'ఒరె', 'ఒమఎ' (మొరటుగా అనే నేను, నువ్వు) దగ్గరే ఉన్నారు. తన ఆఫీసులో జపాన్ క్లయింట్‌తో మాట్లాడబోతున్నానని చెప్పినప్పుడు నాకు గుండె దడదడలాడింది.

తెలుగువాళ్లకు దీన్ని వివరించడం కష్టం కాదు. నువ్వు, మీరు తేడా ఊపిరితో పాటు నేర్చుకున్నవాళ్లం. కష్టమల్లా జపనీస్‌లో 'మీరు'కు సాటిగా సర్వనామం వెతుక్కోవడం దగ్గరే. 'అనత' ఉందని పుస్తకాలు చెప్తాయి, పెద్దల దగ్గర అదీ పనికిరాదు. పేరుకు 'సన్' (మన 'గారు' లాంటిది) చేర్చాలి, లేదంటే హోదాతో పిలవాలి, చాలాసార్లు అసలు ఏమీ అనకుండా వదిలేయాలి. అందుకని మా క్లాసులో నియమం పెట్టాను. పాటను మాటలోకి దించేటప్పుడు సర్వనామాలన్నీ తీసేయాలి. ఎవరి గురించో అర్థం కాని చోట పేరు పెట్టాలి. మొదట్లో అందరికీ వాక్యం వెలితిగా అనిపించింది. "ఏం తింటున్నారు?" అన్నప్పుడు మనం మాత్రం ప్రతిసారీ 'మీరు' అంటున్నామా అని మాష్టారు అడిగాక ఆ వెలితి పోయింది.

కాంజీ (జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు) విషయంలోనూ పాటలకు ఒక చమత్కారం ఉంది. కాగితం మీద ఒక మాట రాసి, పాడేటప్పుడు ఇంకో మాట పలుకుతారు. శాశ్వతం అని అర్థమిచ్చే కాంజీల జంటను మామూలుగా 'ఏయెన్' అని చదవాలి, పాటలో 'తొవ' అంటారు. కారణం అనే జంట 'రియూ', పాటలో తరచు 'వకె'. కవితగా ఇది ఎంతో బాగుంటుంది, పరీక్షలో మాత్రం మార్కులు పోతాయి. ఇలాంటివి ఎదురైనప్పుడల్లా నిఘంటువులో ఉన్న చదువును పక్కన ఎర్ర సిరాతో రాయించాను.

ఆన్‌లైన్‌లో పాడటం

అందరూ కలిసి పాడటం ఆన్‌లైన్‌లో కుదరదు. ఒకరి గొంతు ఇంకొకరికి చేరే ఆలస్యం వల్ల ప్రతి ఒక్కరికీ మిగతావాళ్లు వెనకబడినట్టే వినిపిస్తారు, రెండు పాదాలు తిరిగేసరికి గందరగోళం. కాబట్టి అందరూ మ్యూట్‌లో పాడతారు, ఒక్కరి మైక్ తెరిచి ఉంటుంది, పాదం పాదానికీ మనిషి మారతారు. మ్యూట్‌లో పాడటం సిగ్గరులకు వరమైంది. గోల తగ్గించే సెట్టింగ్ సంగీతాన్ని కూడా గోలగా లెక్కేసి కోసేస్తుంది, అది తీసేసి జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ పెట్టుకోవాలి, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. హోంవర్క్ అంతా వాయిస్ నోట్లే: ఒకటి పాటగా, ఒకటి మాటగా. మాట నోటు లేని పాట నోటును తీసుకునేదాన్ని కాదు.

రెండో వాయిస్ నోటుకు ఇంకో కారణం ఉంది. తోక్యో మాటతీరులో 'సుకి'లోని 'ఉ', '-మషిత'లోని 'ఇ' దాదాపు వినిపించవు. పాటలో ప్రతి మోరకూ స్వరం కావాలి కాబట్టి అవి నిండుగా పలుకుతాయి. పాడి పాడి అలవాటైనవాళ్లు మాటలో కూడా 'దెసూ' అని సాగదీస్తారు. పాట నోటు వెంటనే మాట నోటు చేస్తే తేడా వాళ్ల చెవికే తెలుస్తుంది.

ఏం మారింది, ఏం మారలేదు

మొదటి వారం, చివరి వారం ఒకే చిన్న పేరాను అందరి చేతా చదివించి రికార్డు చేశాను. ఒకే బొమ్మను చూపించి మాట్లాడించాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి విన్నాను.

అన్నిటికన్నా బాగుపడింది కాలం. దీర్ఘాలు, ద్విత్వాలు, 'న్' దాదాపు అందరికీ నిలబడ్డాయి. తె-రూపంతో వాక్యాలను కలపడం బొమ్మ గురించి మాట్లాడినప్పుడు స్పష్టంగా కనిపించింది. మొదటి వారం ముక్కలుగా చెప్పినవాళ్లు చివర్లో 'లేచి, కడుక్కుని, వెళ్లి' అన్నట్టు కూర్చారు. డిగ్రీ అమ్మాయి తెలిసిన పాటలన్నిటినీ మాటగా మార్చగలుగుతోంది, కొత్త పాట అయితే ఇంకా సమయం పడుతోంది. సాఫ్ట్‌వేర్ ఆయన 'ఒరె' మానేశారు, క్లయింట్ కాల్‌లో పేరుకు 'సన్' చేర్చి నెట్టుకొచ్చానని గర్వంగా చెప్పారు. మాష్టారికి కాంజీలు అంత తొందరగా గుర్తుండటం లేదు, కానీ మనవడితో వీడియో కాల్‌లో మాట్లాడే నిమిషాలు పెరిగాయి.

స్వరభేదం అసలు కదల్లేదు. 'అమె' అంటే మొదటి మోర ఎత్తులో ఉంటే వాన, రెండోది ఎత్తులో ఉంటే మిఠాయి. 'హషి' అలాగే చాప్‌స్టిక్స్, వంతెన. బాణీ దీన్ని పట్టించుకోదు, తన దారిన తాను ఎక్కుతుంది, దిగుతుంది. మాటల ఎత్తుపల్లాలను బట్టి బాణీ కట్టాలని యమద కోసకు వంటి స్వరకర్తలు ఒకప్పుడు గట్టిగా పట్టుబట్టారు. నేటి పాప్ పాటల నుంచి అది ఆశించకూడదు. పాటతో స్వరభేదం నేర్పుతామని ఎవరైనా అంటే నేను నమ్మను.

పదసంపద కూడా ఒక వైపుకే పెరిగింది. కన్నీళ్లు, కల, గాలి, రాత్రి, శాశ్వతం అందరికీ వచ్చాయి. గురువారం, టికెట్, మందుబిళ్ల, ఎడమ చెయ్యి ఏ పాటలోనూ రాలేదు. నర్సు గారికి కావలసిన పదాల్లో చాలావరకు పుస్తకం క్లాసు నుంచి వచ్చినవే.

తర్వాతి గ్రూపుకు రెండు మార్పులు చేస్తున్నాను. స్వరభేదాన్ని పుస్తకం క్లాసులోకి తీసుకెళ్లి, మాటల ఆడియో విని వెంటనే అనిపించడం మొదటి వారం నుంచే మొదలవుతుంది. ప్రతి పాటకూ చివర, మాటలోకి దించిన వాక్యాల్లోకి అంకెలు, తేదీలు, సమయాలు చొప్పించి మళ్లీ చెప్పిస్తాను: బుడగ ఎన్ని గంటలకు ఎగిరింది, ఏ రోజు పగిలింది, ఎన్ని ఎగిరాయి. లెక్కపెట్టే వస్తువును బట్టి జపనీస్‌లో అంకె వెంట వచ్చే మాట మారుతుంది కాబట్టి, చివరి ప్రశ్న ఒక్కటే వారానికి సరిపడా పని పెడుతుంది.